ఏ వేలు?

నూనె రాసిన రెండు పాదాలు తెల్ల తువ్వాలు మీద పరీక్షకు సిద్ధంగా ఉన్నాయి.

అవి ఆమె భర్త పాదాలు. స్కూలు బస్సు నడిపి నడిపి మడమలు బండబారాయి. పరీక్షకు ఎవరి కాళ్లు వాళ్లే తెచ్చుకోవాలన్నారు శిక్షణ ఇచ్చే మేడం.

"కాళ్లను మాత్రమే పంపలేనుగా, నేనూ వస్తాలే వాటితో," అని ఆయన పొద్దున్నుంచి నవ్విస్తూనే ఉన్నాడు.

రిఫ్లెక్సాలజీ, పాదాలు నొక్కి చేసే వైద్యం. మొదట్లో ఆ మాట పలకడానికే ఆమెకు నోరు తిరగలేదు. ఇవాళ గట్టెక్కితే ఇదే సెంటర్లో ఉద్యోగం. పిల్లలందరూ పెద్దవాళ్లయ్యాక, తనదంటూ ఒక పని.

పాదాల పటం ఫ్రిజ్ మీద అంటించుకుని బట్టీపట్టింది. వేళ్లు తలకు, వేళ్ల కింది మెత్త ఊపిరితిత్తులకు, నడిమి వంపు పొట్టకు, మడమ నడుముకు. నీళ్ల సీసా కోసం వచ్చినప్పుడల్లా ఆయన కూడా నిలబడి చదివేవాడు.

రోజూ సాయంత్రం బస్సు దిగి వచ్చి, ఆమె ముందు కాళ్లు చాపి కూర్చునేవాడు. ఎక్కడ నొక్కితే ఏమనిపిస్తోందో టకటకా చెప్పేవాడు.

వంపు దగ్గరికొచ్చేసరికి మాత్రం తప్పకుండా అరిచేవాడు. "అబ్బా! నా పొట్ట గుట్టు బయటపెట్టేస్తున్నావే!"

ఇలాంటి మొగుడు ఎందరికుంటాడని ఆమె లోలోపల మురిసిపోయేది.

మేడం కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"నొక్కేటప్పుడు మనిషిని మాట్లాడించమని ఎందుకు చెప్పాను?"

"నొప్పి తెలిసేది మెదడుకండీ. చర్మం దగ్గర్నుంచి నరం ఆ కబురు వెన్నుపాముకు, అక్కణ్నుంచి మెదడుకు చేరవేస్తుంది. వాళ్లు నోరు విప్పి చెబితేనే ఎంత గట్టిగా నొక్కాలో మనకు తెలుస్తుంది."

"ఊఁ, బాగుంది. మొదలుపెట్టు."

చూసి చెప్పకుండా ఆయన కళ్ల మీద చిన్న తువ్వాలు కప్పించారు మేడం.

ఆమె చేతి బొటనవేలు గొంగళిపురుగులా వంగుతూ లేస్తూ పాదం మీద పాకింది. వేళ్లు అయ్యాయి. "హాయిగా ఉంది," అన్నాడు ఆయన. వేళ్ల కింది మెత్త అయింది. "ఇక్కడ కొంచెం గట్టిగా తగులుతోంది," అన్నాడు.

మేడం కాగితం మీద టిక్కు పెట్టారు.

నూనె ఎక్కువై చెయ్యి జారింది. తుడుచుకుందామని ఆమె రెండు చేతులూ తీసి ఒళ్లోని తువ్వాలుకు అద్దుకుంది.

"అబ్బా! నా పొట్ట గుట్టు!" అన్నాడు ఆయన.

పాదం మీద ఎవరి చెయ్యీ లేదు.

మేడం తల వంచుకుని రాసుకుంటున్నారు. చూడలేదు.

ఆమె చేతులు ఒళ్లోనే ఉంచుకుని మెల్లగా అడిగింది. "ఇప్పుడు పట్టుకున్నది ఏ వేలండీ?"

కాస్త ఆలస్యమైంది. "చిటికెనవేలు."

"ఇప్పుడు?"

"బొటనవేలు. ఆమాత్రం తెలీదనుకున్నావా?"

గొంతులో అదే హుషారు. ఈమధ్య మామూలు చెప్పులు మానేసి, గట్టిగా బిగించుకునే బెల్టు చెప్పులే ఎందుకు వేస్తున్నాడో ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

సాయంత్రం బడి వదిలాక, పిల్లలతో నిండిన బస్సులో, బ్రేకు మీద ఉండేది ఈ కాలే.

మేడం తలెత్తారు. "ఆగిపోయావేం? వంపు, మడమ. అంతేగా, అయిపోవచ్చింది."

అవును, అయిపోవచ్చింది. ఆయన చెప్పాల్సినవన్నీ చెబుతాడు. మేడం టిక్కులు పెడతారు.

"ఈయనకు షుగరుందండీ," అంది ఆమె. "కాళ్లకు స్పర్శ లేదు. ఇలాంటి కాళ్లు నేను నొక్కకూడదు."

తువ్వాలు కింద ఆయన నవ్వు మాయమైంది.

మేడం దూదితో ఒక్కో వేలూ తాకి చూశారు. ఈసారి ఆయన నోరు మెదపలేదు.

"వెంటనే డాక్టరుకు చూపించండి. పరీక్షదేముంది, తర్వాతి బ్యాచ్‌తో రాద్దువుగాని," అన్నారు మేడం. ఉద్యోగం అప్పటిదాకా ఆగదని ఆ గదిలో అందరికీ తెలుసు.

వరండాలోకి వచ్చాక ఆమె అడిగింది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు ఇందులో చేరకముందు నుంచే. మొదట్లో తిమ్మిరిగా ఉండేది. తర్వాత అదీ పోయింది."

"మరి రోజూ ఆ అబ్బాలూ, ఆ అరుపులూ?"

"నీ ఉత్సాహం చూసి... పాడుచేయడం ఎందుకని."

"అందుకేనా?"

ఆయన గోడ వైపు చూశాడు. "బస్సు పోతుందని కూడా."

"బ్రేకు ఎలా తొక్కుతున్నారు?"

"చూసి," అన్నాడు. "కిందికి చూసి తొక్కుతున్నాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "పిల్లలెక్కే బస్సండీ అది!"

వరండా అంతా వినిపించేలా అనేసింది. ఆయన జేబులోంచి బస్సు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"స్కూలు వాళ్లకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

ఆమె తాళంచెవిని పిడికిట్లో బిగించి ముందు నడిచింది.

చెప్పులు లోపలికి వచ్చేటప్పుడే బయట గేటు దగ్గర విప్పారు. వచ్చినప్పుడు నీడలో ఉన్న సిమెంటు గచ్చు మీద ఇప్పుడు ఎండ మండిపోతోంది. గడప దాటగానే ఆమె "అమ్మో" అంటూ గంతులేసింది.

వెనకే ఆయన నింపాదిగా వస్తున్నాడు. ఆమెను చూసి, గబుక్కున తనూ ఒక కాలు పైకెత్తాడు.

ఎత్తిన కాలి వంక చూసుకుని, మెల్లగా మళ్లీ గచ్చు మీదే పెట్టాడు.