పదకొండింటికి రావలసిన మనిషి

ఏమోయ్ అల్లుడూ, అడుగుల చప్పుడు వింటే వచ్చిందెవరో చెప్పేస్తానని ఇందాకట్నుంచీ తెగ కోతలు కోస్తున్నావు. మొన్న నేను పెరటి వైపునుంచి వస్తే, పాలవాడనుకుని గిన్నె పట్టుకొచ్చింది నువ్వే కాదూ?

సిగ్గుపడకు. నీకంటే పెద్ద చదువు చదివిన అమ్మాయి కథ ఒకటి చెబుతాను, విను.

ఆ అమ్మాయి ఒక యూనివర్సిటీలో, ఇంజనీరింగ్ ల్యాబులో రీసెర్చ్ అసిస్టెంటు. కాలు పోయినవాళ్ళకు పెట్టే పాదాలు తయారుచేస్తారక్కడ.

మూడేళ్ళుగా ఆమె పనల్లా కుంటును కొలవడమే. ఎవరి అడుగు ఎంత ఆలస్యంగా పడుతోంది, ఏ భుజం ఎంత వంగుతోంది, అన్నీ రాసుకునేది. వరండాలో చప్పుడు వినిపిస్తే చాలు, తల ఎత్తకుండానే ఎడమ కాలో కుడి కాలో చెప్పేసేది. తోటివాళ్ళు 'కుంటు డాక్టరు' అని ఏడిపించేవాళ్ళు.

ఆ రోజు మాత్రం ఆమెకు నవ్వే ఓపిక లేదు.

యంత్రానికి బిగించి నడిపిస్తే, వాళ్ళ పాదం ప్రతిసారీ మూడు లక్షల అడుగుల దగ్గర మడమలో పుటుక్కుమంటోంది. ఈ పాదం పని సాగాలా ఆగాలా తేల్చడానికి పన్నెండింటికి కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు వద్దంటే పాదమూ పోతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది.

మిగిలిన ఆశ ఒక్కటే. తొమ్మిదేళ్ళ కిందట ఆ పాదం మొట్టమొదట పెట్టించుకున్న మనిషి. ఎక్కడో దూరాన ఉన్నాడని ప్రొఫెసరుగారు ఎలాగో ఆచూకీ తీసి ఉత్తరం రాశారు. ఫోను లేని మనిషి, వస్తానని కార్డు ముక్క మీద జవాబు రాశాడు.

"పదకొండు లోపల వస్తాడు. పాదం విప్పించి మడమ చూడు. బాగుంటే చేయి పట్టుకుని కమిటీ ముందుకు తీసుకురా. ఇక యంత్రం మాట ఎవరూ వినరు" అని చెప్పి ప్రొఫెసరుగారు పొద్దున్నే మీటింగుల్లో దూరారు.

ల్యాబేమో మూడో అంతస్తులో, చాలదన్నట్టు లిఫ్టు పాడైంది. యంత్రం మీద పెట్టే ఇనప బిళ్ళలు ఆరు, ఒక్కోటి ఇరవై కిలోలు, కింద మెట్ల దగ్గరే పడున్నాయి. మోయడానికి మనిషిని పంపమని వర్క్‌షాపుకు ఆమె నిన్ననే కబురు చేసింది.

పదింటికి ఒకాయన చకచకా మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. మాసిన ప్యాంటు, మోచేతులదాకా మడిచిన చొక్కా.

"నన్ను రమ్మన్నారమ్మా. ఇక్కడేం చెయ్యమంటే అది చెయ్యాలన్నారు."

ఆమె కంప్యూటర్ మీంచి కళ్ళు తీయలేదు. "ఇప్పుడా రావడం? కింద ఇనప బిళ్ళలున్నాయి బాబాయ్. ఆరూ పైకి తేవాలి."

"మెట్ల మీదుగానా?"

"లిఫ్టు లేదు. మొయ్యలేవా ఏంటి?"

ఆయన క్షణం సేపు ఆమె వంక చూసి నవ్వాడు. "ఓహో, అలా వచ్చారా. సరే, చూస్కోండి మరి."

ఒక్కొక్క బిళ్ళనీ భుజానికెత్తుకుని ఆరుసార్లు మూడంతస్తులూ ఎక్కాడు. తెచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆగి, ఏమైనా అంటుందేమోనని చూసేవాడు. ఆమె చూపు మాత్రం కిటికీలోంచి గేటు మీదే ఉంది.

"బాగానే చేశానా తల్లీ?" అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ.

"బాగానే చేశావులే. ఇక వెళ్ళు బాబాయ్, నాకు వేరే మనిషి రావాలి."

"ఇంకేం చూడరా?"

"చూడ్డానికేముంది? ఆరూ వచ్చాయిగా."

ఆయన తృప్తిగా తలూపి, పన్నెండింటి బండి అందుకోవాలంటూ దిగి వెళ్ళిపోయాడు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా వరండాలో చప్పుడైంది. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ.

ఎడమ కాలు, అనుకుంది ఆమె. పోయిన ప్రాణం లేచొచ్చింది.

పరుగున ఎదురెళ్ళింది. కోటు వేసుకున్న పెద్దమనిషి. చేయి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, దారిలో కష్టమైందా అని అడిగింది. ఇంత మర్యాద ఎన్నడూ ఎరగనట్టు ఆయన మురిసిపోయాడు.

అప్పుడామె కింద కూర్చుని, ఆయన బూటును రెండు చేతులా పట్టుకుని మెలితిప్పింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"భయపడకండి. పాదం ఊడదీసి, చూసి, మళ్ళీ పెట్టేస్తాను."

"అది మా అమ్మ ఇచ్చిన పాదం, అమ్మాయ్. ఊడదు. కొత్త బూటు కరిచింది, అంతే."

ఆయన కమిటీ పెద్ద. మీటింగుకు ముందు ల్యాబు చూసిపోదామని వచ్చాడట. ఆమె సారీలు చెప్పుకుంటూ పోయింది. ఆయన కోప్పడలేదు, నవ్వనూ లేదు. మీ మనిషేడని మాత్రం అడిగాడు. వస్తాడంది.

పన్నెండింటికి ఆమె ఒక్కతే కమిటీ ముందుకు వెళ్ళింది. ఆమె వెనక ఎవరూ లేకపోవడం చూసి ప్రొఫెసరుగారు కళ్ళు దించుకున్నారు. పావుగంటలో ఆ పాదాన్ని పక్కన పెట్టేశారు.

లేస్తూ కమిటీ పెద్ద అన్నాడు: "అసలే లిఫ్టు లేదు. మీ పాదంతో మూడంతస్తులు ఎలా ఎక్కి వస్తాడనుకున్నావమ్మా?"

పెద్దలందరూ కార్లెక్కి వెళ్ళిపోయారు. ఆమె ల్యాబుకొచ్చి తన సామాను సంచిలో సర్దుకుంటుంటే, వర్క్‌షాపు యూనిఫాంలో ఎవరో తొంగిచూశారు.

"బిళ్ళలు మొయ్యాలన్నారటగా? ఆలస్యమైంది, ఏమనుకోకండి."

"పొద్దున్నే మోశాడుగా, మీవాడే."

"మావాళ్ళెవరూ రాలేదే" అని అతను బుర్ర గోక్కున్నాడు. "పొద్దున గేటు దగ్గర ఒకాయన ఈ ల్యాబుకు దారడిగితే చూపించాను, అంతే. తొమ్మిదేళ్ళుగా మీ పాదంతోనే తిరుగుతున్నాడట. మీరేదో పరీక్ష పెడతారని తెగ కంగారుపడ్డాడు పాపం."

కుంటుతూ వచ్చేవాడి కోసం చూసింది గానీ అల్లుడూ, కుంటకుండా నడిపించడానికే కదా వాళ్ళు ఆ పాదం చేసింది.