ఒక్క బటనుది చాలు

"ఈ కొత్త కంప్యూటర్లో నలభై ట్రాకుల రికార్డింగు యాప్ పెడతానక్కా. గిటారుకి అదే బాగుంటుంది."

"ఒక్క బటనుది చాలురా. సేవ్ చేయాలా అని అడక్కూడదు. రికార్డవుతుండగానే నీ ఫోనుకి చేరిపోవాలి."

"నీ పాటలంటే నాకంత పిచ్చా?" నవ్వుతూనే తమ్ముడు అలాంటిదే పెట్టాడు.

అక్క ఎర్ర బటను నొక్కి తీగ మీటిందో లేదో, బావ తలుపు తన్నుకుని వచ్చాడు. గిటారు లాక్కుని గోడకేసి బాదాడు. అడ్డొచ్చిన తమ్ముణ్ని దవడ పగిలేలా కొట్టాడు. అక్క జుట్టు పట్టి తల బల్లకేసి మోదాడు.

"పోయినసారి చెయ్యి విరిచినా బుద్ధి రాలేదే? ఈసారి చంపేస్తా!"

మెట్ల మీంచి పడి చెయ్యి విరిగిందని అక్క అంటే అప్పుడు అందరూ నమ్మారు. నమ్మితే ఎవరూ అడ్డం పడక్కర్లేదు గనక. తమ్ముడూ నమ్మాడు.

బావ కంప్యూటర్ని నేలకేసి కొట్టి, కాలితో తొక్కి, "ఇంక చేసుకో రికార్డింగు" అని పోయాడు.

తమ్ముడి జేబులో ఫోను మోగింది. రికార్డింగు వచ్చింది.

"పాత కంప్యూటరూ ఇలాగే పగలగొట్టాడు. అందులోదంతా పోయింది," అక్క మూతి మీది రక్తం తుడుచుకుంది.

"అయితే ఇది పాటల కోసం కాదా అక్కా?"

"పాటలు తర్వాత. ముందు స్టేషనుకి పద, ఇది వినిపిద్దాం."