ఊరు కాదు, షికారు

“ఏనుగుని మొదటిరోజే చూపించొద్దని రాయండి, పంతులమ్మగారూ,” అంది తల్లి.

పంతులమ్మ రాయడం ఆపి కళ్ళజోడు మీదుగా చూసింది. “ఏం, ఏనుగేం చేసింది?”

“దీనికి పిల్లి కంటే పెద్ద జంతువు తెలీదు. ఒక్కసారే ఏనుగంటే జడుసుకుంటుంది. శనివారం కుందేళ్ళు, జింకలు. ఏనుగు ఆదివారం. వీలుంటే ఆ తర్వాత చెరువులో పడవ.”

“రెండ్రోజుల సరదాకి ఇంత సిలబసా?” గొణుగుతూనే రాసింది పంతులమ్మ.

కుట్టు గదిలో మధ్యాహ్నం విరామం. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. తల్లికి కుట్టడం వచ్చినంత బాగా రాయడం రాదు. పంతులమ్మ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు పక్క మిషను మీద కాలర్లు కుడుతుంది. కొలతలు గీసుకునే ఖాకీ కాగితం ముక్క మీద తల్లి చెప్పినవన్నీ గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. కింద ఆమె కూతురు, రెండున్నరేళ్ళ బుడంకాయ, ఖాళీ దారపు రీళ్ళని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేలితో తాకుతూ లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, రెండు, ఐదు.

శనివారం పొద్దున తల్లి అక్క వచ్చి బుడంకాయని సిటీకి తీసుకెళ్తుంది. ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా తెచ్చి దించేస్తుంది. మేడమ్ సంతకం కూడా అయిపోయింది. సరదా అన్నది పేరుకే. మూడేళ్ళు నిండిన పిల్లల్ని ఇక్కడ తల్లుల దగ్గర ఉండనివ్వరు. ఇంకా ఐదు నెలలుంది. ఈ రెండు రోజులూ పాప గొడవ చేయకుండా ఉంటే, ఆ తర్వాత పెద్దమ్మ ఇంట్లోనే పెరుగుతుంది. పెద్దమ్మకి ఇద్దరు పిల్లలు, ఉన్నవి రెండు గదులు. ఆవిడ కాదంటే ముక్కూమొహం తెలియని వాళ్ళుండే హాస్టలే గతి.

“లైటు ఆర్పితే నిద్రపోదు. రాశారా?”

“రాశా.”

“బావగారిని కొంచెం మెల్లగా మాట్లాడమనండి. మగ గొంతు వింటే నా ఒళ్ళో దూరుతుంది. మూసిన తలుపు కనబడితే ఎవరో వచ్చి తీసేదాకా అలాగే నిలబడుతుంది. తోసుకుని వెళ్ళొచ్చని చెప్పాలి.”

పంతులమ్మ అదీ రాసింది.

“నువ్వు కూడా వెళ్తే ఈ చాటభారతం అంతా ఉండేది కాదు, అమ్మాయ్.”

“సెలవడిగాను. ఈసారికి లేదన్నారు.”

“మళ్ళీ అడుగు.”

“అడుగుతూనే ఉన్నానుగా.”

గంట మోగింది. ఇద్దరూ మిషన్ల మీదికి వంగారు.

శనివారం పెద్దమ్మ చెప్పిన వేళకే వచ్చింది. ముందు గదిలో బల్ల మీద కూర్చుని ఖాకీ కాగితం రెండువైపులా చదివింది.

“ఇద్దర్ని పెంచినదాన్ని. నాకే పాఠాలా?” అంది నవ్వుతూ. తర్వాత పాప వేసుకున్న కొత్త గౌను చూసింది. మిగిలిన గుడ్డముక్కలు కలిపి తల్లి కుట్టింది. “ఏం ముస్తాబే, దొరసానీ. పద, ఊరెళ్దాం.”

పాప మొహంలో నవ్వు పోయింది. రెండడుగులు వెనక్కి వేసి తల్లి కాళ్ళు వాటేసుకుంది. ఏడుపు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

“ఊరొద్దు. ఊరొద్దమ్మా.”

పెద్దమ్మ మొహం మాడిపోయింది. “ఇంకా గుమ్మమే దాటలేదు. ఇలాగైతే నావల్ల కాదే. మీ బావకి ముందే ఇష్టం లేదు.”

అప్పటికి తల్లికి తట్టింది. ఇంత కాగితం నింపి, ఈ ఒక్క మాట మరిచిపోయారు.

“ఆ మాట అనకక్కా. ఇక్కడ్నుంచి ఎవరు వెళ్ళిపోయినా దీనికి ఊరెళ్ళారనే చెప్తాం. జోకొట్టే ముసలమ్మ ఊరెళ్ళింది. దీనికి జడలేసే పిల్ల ఊరెళ్ళింది. ఒక్కళ్ళూ మళ్ళీ రాలేదు.”

“మరేం అనమంటావు?”

తల్లి కింద కూర్చుని పాప ముక్కు తుడిచింది.

“ఊరు కాదమ్మా. షికారు.”

“చికారా?”

“ఊఁ. ఊరెళ్తే రారు. షికారెళ్తే వచ్చేస్తారు. రేపు సాయంత్రానికి నువ్వూ వచ్చేస్తావు.”

పాప వెక్కుతూనే ఆలోచించింది. “నువ్వు ఊరెల్తావా?”

“నేనెక్కడికీ వెళ్ళను.”

“ఒట్టు?”

“ఒట్టు,” అంది తల్లి. ఆ ఒట్టు వేయడానికి ఆమెకి క్షణం కూడా పట్టలేదు.

పెద్దమ్మ పాపని ఎత్తుకుంది. ఈసారి పాప ఏడవలేదు. పెద్దమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి, గౌను అంచు నోట్లో పెట్టుకుంది.

“సరేలే, ఈ పూటకి గడిచింది,” అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. “ఐదు నెలలు పోయాక, అచ్చంగా తీసుకెళ్ళే రోజున ఏ మాట చెప్పను?”

తల్లి పాప చెప్పు బకిల్ సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని విప్పి మళ్ళీ పెట్టింది.

“అప్పుడూ షికారనే చెప్పు.”

బస్సు ఆగే చోటు రోడ్డుకి అవతల ఉంది. వీధిలోకి వచ్చాక పెద్దమ్మ పాపని కిందికి దించింది. కొట్లు అప్పుడే తెరుస్తున్నారు. రోడ్డు తిన్నగా, ఎక్కడా ఆగకుండా, కంటికి ఆనినంత మేరా పోతోంది. పాప పెద్దమ్మ వేలు పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆ చివర చూసింది. ఈ చివర చూసింది.

“పెద్దమ్మా, గోడేదీ?”

పెద్దమ్మ పాపని మళ్ళీ ఎత్తుకుంది.

బుడంకాయ పుట్టింది జైల్లోనే.