అడ్డగీత

మరదలి ఆలివ్ చెట్లను దొంగిలించడానికి లాంబ్రోస్‌కు గొడ్డలి అవసరం కాలేదు. వంటింటి కత్తి ఒకటి చాలింది.

ఆ గ్రీకు ఊళ్లో నేల ఒకరిది, దాని మీది చెట్టు మరొకరిది కావడం మామూలే. ఏ చెట్టు ఎవరిదో చెప్పేది మాను మీద సున్నంతో రాసిన యజమాని పేరులోని మొదటి గ్రీకు అక్షరం. చనిపోయిన తమ్ముడు ఆంద్రేయాస్ గుర్తు Α. లాంబ్రోస్ గుర్తు Λ. రెంటికీ తేడా ఒక్క అడ్డగీత. తమ్ముడి ఆత్మశాంతికి చర్చిలో పంచిన తీపి గోధుమల రుచి నాలుక మీద ఉండగానే, లాంబ్రోస్ గులకరాళ్ల రేవుకు దిగి చెట్టు చెట్టునా ఆ గీతను గీకేశాడు.

తొందరకు కారణం ఉంది. రెండు కొండచరియల చాటున, గాలి తగలకుండా ఒదిగి ఉన్న ఆ రేవు మీద ఏదో హోటలు కంపెనీ కన్ను పడిందని కాఫీ దుకాణంలో చెప్పుకుంటున్నారు. నేల ఊరుమ్మడిది. కానీ శతాబ్దాల నాటి ఆ చెట్ల యజమాని సరేననకపోతే అక్కడ ఒక్క కుర్చీ కూడా వేయలేరు.

తమ్ముడి భార్య జంబేతా నల్లబట్టలతో నేరుగా కాఫీ దుకాణానికే వచ్చింది.

"బావగారూ, ఆ కాయల నూనెతోనే నా ఏడాది గడవాలి. మీకు తెలియనిదా?"

"నన్నేం చెయ్యమంటావు జంబేతా? మాను మీద ఏం రాసుందో కళ్లజోడు పెట్టుకుని చూడు."

"చూశాను. గీకిన చోట బెరడు ఇంకా పచ్చిగా ఉంది."

"మేకలు ఒళ్లు రుద్దుకుని ఉంటాయిలే."

"అన్ని మేకలకూ ఆ ఒక్క గీత దగ్గరే దురద పుట్టిందా?"

దుకాణం ఘొల్లుమంది. అయితే ఆ పూట అందరి కాఫీలూ లాంబ్రోస్ ఖాతాలోవి కనుక, కాసేపటికి నవ్వు ఆమె మీదికే మళ్లింది.

ఇరవై ఏళ్లుగా చెట్లు ఒకరి అనుభవంలో ఉన్నాయని ఇద్దరు సాక్షులు ప్రమాణం చేస్తే చట్టం నమ్ముతుంది. నమ్మడం కన్నా సులువైన పని చట్టానికి ఇంకేముంది? స్టావ్రిస్, పాందెలిస్ అనే ఇద్దరు పెద్దమనుషులు బైబిలు మీద చెయ్యి వేసి, దివ్యప్రసాదం స్వీకరిస్తున్నంత భక్తిగా అబద్ధం చెప్పారు. నోటరీ ముద్ర వేశాడు. మర్నాడు జంబేతా పట్నం బస్సెక్కింది. చుట్టాల దగ్గర ఏడ్చుకోవడానికి పోయిందని ఊరు సరిపెట్టుకుంది.

వేసవి మొదట్లో ఒక పెద్దమనిషి నల్ల సూటులో రేవుకు వచ్చాడు. నున్నటి గులకరాళ్ల మీద అతని బూట్లు జారుతూనే ఉన్నాయి. అతడెవరని ఎవరూ అడగలేదు. సూటు వేసుకున్నవాణ్ణి ఎవరని అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. హోటలు బేరం అక్కడికక్కడే ముగించాలని లాంబ్రోస్ నోటరీనీ సాక్షులనూ వెంటబెట్టుకుని దిగాడు. జంబేతా కూడా వచ్చి దూరంగా ఒక చెట్టు కింద నిలబడింది. చివరిసారి చూసుకోవడానికి వచ్చిందనుకుని లాంబ్రోస్ ఉదారంగా ఊరుకున్నాడు.

వచ్చినాయన చెట్ల మొదళ్ల దగ్గర వంగి వంగి చూశాడు. మట్టి నలిపి చూశాడు.

"ఈ చెట్లు మీవేనా?"

"మా తాతల నాటివి అయ్యా."

"వీటి కింద మీరు కాక ఇంకెవరైనా తవ్వారా?"

"ఎవడికుంది ఆ ధైర్యం? ఇరవై ఏళ్లుగా నా పలుగు తప్ప ఇంకో పలుగు దిగలేదిక్కడ. వీళ్లను అడగండి."

"దిగలేదు," అన్నారు సాక్షులు ఒకే గొంతుతో.

వచ్చినాయన ఒక ముసలి మాను తొర్రలో చెయ్యి పెట్టి గోనెగుడ్డ మూట బయటికి లాగాడు. విప్పితే, మట్టి కొట్టుకుపోయిన తెల్లని స్త్రీ శిరస్సు. ముక్కు విరిగి ఉంది.

"అయితే దీన్నిక్కడ దాచింది మీరే."

లాంబ్రోస్ రెండడుగులు వెనక్కి వేశాడు. పురాతన శిల్పాలను దాచినవాడికి ఆ దేశంలో జైలు తప్ప వేరే చోటు లేదని పసివాడికీ తెలుసు. అల వెనక్కి పోతుంటే గులకరాళ్లు పటపట పళ్లు కొరికాయి.

"నాది కాదయ్యా! అసలు చెట్లే నావి కావు! మా తమ్ముడివి. ఇప్పుడు ఈవిడవి. జైల్లో వెయ్యాలంటే ఈవిణ్ణి వెయ్యండి!"

"మీ గుర్తు ఉందిగా?"

"గీత నేనే గీకేశాను, వంటింటి కత్తితో!"

"మరి ప్రమాణం?"

"దొంగ ప్రమాణం! ఒరే స్టావ్రిస్, నోరు విప్పవేంరా?"

"నేనెప్పుడో అన్నాను," అంటూ స్టావ్రిస్ పక్కకు జరిగాడు. "ఈ చెట్ల కింద ఆంద్రేయాస్‌ను తప్ప ఇంకొకణ్ణి చూసిన పాపాన పోలేదు."

పాందెలిస్‌కైతే ఆంద్రేయాస్ టోపీ రంగు కూడా గుర్తుకొచ్చింది.

నోటరీ ఇటువంటివి చాలా చూసినవాడు. సంచీ మోకాళ్ల మీద పెట్టుకుని, దొంగతనమనే మాట ఎక్కడా రాకుండా 'పొరపాటు సవరణ' అని రాసి, చెట్లన్నీ జంబేతావేనని ముగ్గురి చేతా సంతకాలు పెట్టించి, ముద్ర కొట్టాడు. లాంబ్రోస్ వెనక్కి చూడకుండా కొండెక్కాడు. సాక్షులు అతనికన్నా ముందే ఎక్కేశారు. వాళ్ల వెనకే నోటరీ ఆయాసపడుతూ నడిచాడు.

అడుగుల చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా జంబేతా కదలలేదు.

"ఇక ఆ సుద్ద తలకాయ ఇలా ఇవ్వు తమ్ముడూ," అంది అప్పుడు సూటాయనతో, "సాయంత్రంలోగా తిరిగిచ్చేస్తానని పట్నంలో టూరిస్టు బొమ్మలమ్మే పిల్లకు మాటిచ్చాను. ముక్కు విరగ్గొట్టుకొచ్చినందుకు ఏమంటుందో ఏమో!"