యోరు, తోరు

"మళ్లీ అను. ఫోనులో నాతో ఏం చెప్పావో, ఆ మాటే మళ్లీ అను!"

మసుయో అరుపుకి శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ తలలు దించుకున్నారు. కోడలు చినత్సు చాప మీద నుదురు ఆనించింది.

"షిండోరు... అన్నాను అత్తయ్యా."

"అప్పటికి చచ్చాడా మీ మామయ్య?"

"లేదు."

"మరి?"

జపాన్‌లో ఈ ఉవాజిమా వైపు పసిపిల్లలు కూడా ఈ మాటల్లో పొరబడరు. పూలు రాలుతూ ఉంటే ఒక మాట, రాలి నేలమీద పడి ఉంటే ఇంకో మాట. జరుగుతూ ఉన్నదానికి చివర ‘యోరు’, జరిగిపోయినదానికి ‘తోరు’. ప్రాణం పోతూ ఉంటే షినియోరు. పోయాక, ‘తోరు’ కాస్తా ‘డోరు’గా పలికి, షిండోరు.

టోక్యో వాళ్లకి రెండూ ఒకటే. చినత్సు టోక్యో పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో జోరున వాన కురుస్తుంటే "వాన పడిపోయి ఉంది అత్తయ్యా" అనేది. కమలా తోటలో పనివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. మామగారు గెంజిరో ఒక్కడే నవ్వేవాడు కాదు. "నేర్చుకుంటా ఉంది, ఇంకా నేర్చేసుకోలా. మీకు మాత్రం తేడా తెలియట్లేదేం?" అని వాళ్ల నోళ్లు మూయించేవాడు.

నిన్న మసుయో కొండకి అవతలి ఊళ్లో చెల్లెలింటికి వెళ్లింది. కొత్త కాపు కమలాలు ఇచ్చి రమ్మని పొద్దున్నే గెంజిరోనే పంపాడు. గుండె జబ్బు మనిషే అయినా, బండి దాకా వచ్చి బుట్ట ఎత్తిపెట్టాడు.

మధ్యాహ్నం కోడలి ఫోను. ఆ ఒక్క మాట వింటూనే మసుయో ఫోనులోనే మొగుణ్ని తిట్టింది. "ముసలి దొంగా! నాతో చెప్పకుండా పోతావా? నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?"

తర్వాత కూలబడిపోయింది. చెల్లెలు వేడి టీ తాగించింది, చావింటికి కట్టే తన నల్లబట్టలు కట్టించింది. "పోయినాయన ఇంకెక్కడికి పోతాడక్కా, నిదానంగా వెళ్లు" అంది.

మసుయో నిదానంగానే వచ్చింది. సముద్రం మీదికి వేలాడే ఆ కొండదారిలో మలుపు మలుపుకీ హారన్ కొట్టింది. ఎదురు బళ్లకి దారిచ్చింది. ఒకచోట బండి పక్కకి ఆపి, కరువుదీరా ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ కదిలింది. ఇల్లు చేరి మొగుడి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

డాక్టరు తల వంచి, "ఇప్పుడే అమ్మా" అన్నాడు.

ఇప్పుడే!

ఆ మాట రాత్రంతా ఆమె గుండెల్లో నిప్పులా రాజుకుంటూనే ఉంది. తెల్లారి పదిమందిలో భగ్గుమంది.

"పోతా ఉన్నాడని చెప్పి ఉంటే రెక్కలు కట్టుకుని వాలేదాన్ని కదే! కళ్లు తెరిచి ఉండగా ఒక్కసారి చూసుకునేదాన్ని! నీ దిక్కుమాలిన టోక్యో నోరు తగలెయ్య, ఇన్నేళ్లు మా ఉప్పు తిని రెండక్షరాలు నేర్వలేకపోయావా? నా కోసం అడిగాడా, లేదా? అది చెప్పు."

"అడిగారు అత్తయ్యా."

మసుయో చేతిలోని టీ కప్పు గోడకి తగిలి ముక్కలైంది.

"లే! నా కళ్ల ముందు నుంచి లే! రేపు ఆయన ఎముకలు ఏరేటప్పుడు నీ చెయ్యి పడ్డానికి వీల్లేదు. విన్నావా? వీల్లేదు!"

చినత్సు వంగి పింగాణీ ముక్కలు ఏరసాగింది. వేలు తెగి రక్తం వస్తున్నా చూసుకోలేదు.

గుమ్మంలో అగరుబత్తితో నిలబడ్డ నర్సు కుబోతా ఇక ఉండబట్టలేకపోయింది. నిన్న చివరిదాకా గెంజిరో నాడి పట్టుకుని కూర్చున్నది ఆవిడే.

"చెప్పొద్దని ఈ పిల్ల నాచేత ఒట్టేయించుకుంది కానీ చెప్తున్నా మసుయో అక్కా, ‘షినియోరు అన్నావంటే అది ఆ మలుపుల్లో బండి ఎగరేసుకొచ్చి నాకంటే ముందే పోతది, షిండోరు అనే చెప్పు తల్లీ’ అని బతిమాలి ఆ మాట అనిపించి, ఫోను తన చెవి పక్కనే పెట్టించుకుని నీ తిట్లన్నీ విన్నది మీ ఆయనే."