తేలికైన అడుగులు

భువనేశ్వరి మెడలో చైను లేదన్న సంగతి ఆదివారం ఉదయం ప్రార్థన ముగిశాక బయటపడింది.

తిరువొత్తియూరులోని ఒక తెలుగు చర్చి నుంచి ఎనిమిది మంది వ్యానులో వచ్చి అప్పటికి ఒక రోజయింది. ఎన్నూరు ఉప్పుటేటికి అవతల ఉన్న యానాదుల గుడిసెల్లో రెండు రోజులు సేవ చేసి వెళ్లాలని వచ్చారు. దుప్పట్లు, చీరలు, టార్చిలైట్లు, పాలపొడి డబ్బాలు తెచ్చారు. శనివారమంతా రేకుల షెడ్డులో తలుపు వేసుకుని, వాటిని ఇంటికొక మూటగా కట్టారు. పంచడం మాత్రం ఆదివారానికి పెట్టుకున్నారు. ఎండ వాలితే ఫొటోలు బాగా వస్తాయని బృందానికి పెద్ద అయిన ఆనంద్‌రాజ్ అన్నాడు.

బంగారం పెట్టుకుని రావద్దని అతను ముందే చెప్పాడు. అయినా చైను వేసుకునే వచ్చానంది భువనేశ్వరి. నిన్న ఆమె మెడలో చూశామని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. అందులో ఒకామె అది ఎండకు ఎలా మెరిసిందో కూడా వర్ణించింది.

ఎవరూ గుడిసెల వైపు వేలు చూపలేదు. సేవకు వచ్చినవాళ్లు అలా చూపకూడదు. చూపులు మాత్రం అటే వెళ్లాయి.

పోలీసులకు చెబితే వాళ్లే చూసుకుంటారంటూ ఆనంద్‌రాజ్ ఫోను తీశాడు. గుడిసె ముందు రొయ్యల బుట్ట అల్లుతున్న కాళియమ్మ చేయి ఆగిపోయింది. పోలీసులు వస్తే ఎవరిని తీసుకెళ్తారో ఆమెకు తెలుసు. పోయినేడు ఎక్కడో మోటారు సైకిలు పోయిందని ఆమె కొడుకు కృష్ణన్‌ను నలభై రోజులు జైల్లో ఉంచారు. అతనికి మామూలు సైకిలు తొక్కడం కూడా రాదు.

ఆమె లేచి వచ్చి ఆనంద్‌రాజ్ ముందు నిలబడింది.

"ఒక్క గంట తాళు సామీ. మా తాత రైతుల చేలకు కావలి ఉండె. అడుగు చూసి దొంగను చెప్పేవోడు. ఆ పని నాకూ తెలుసు."

ఆనంద్‌రాజ్ నవ్వి, ఇలాంటివి తాను నమ్మనన్నాడు.

"ఒక్క గంటే దానే బ్రదర్," అంది విజి. బృందంలో అందరికంటే చిన్నది, అన్నిటికీ వీడియో తీసేది ఆమే. "తీసి పెడితే సూపరా ఉంటుంది."

వీడియో అనేసరికి అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

కాళియమ్మ తన గుడిసె గుమ్మం ముందు ఇసుక చదును చేసి నీళ్లు చల్లింది. లోపల చీకట్లో ఖాళీ గంప ఒకటి పెట్టింది. ఆ తర్వాత ఏం చేయాలో నిదానంగా చెప్పింది. ఎవరి సంచి వాళ్లు భుజాన వేసుకుని, చెప్పులు విడిచి, ఒక్కొక్కరే లోపలికి వెళ్లి రావాలి. తమది కానిది ఏదైనా దగ్గరుంటే గంపలో వదిలేయాలి. వదిలేసినవాళ్ల అడుగు తిరిగొచ్చేటప్పుడు తేలికవుతుంది, వాళ్ల పేరు ఆమె ఎవరికీ చెప్పదు. దాచుకున్నవాళ్ల అడుగు అలాగే బరువుగా ఉంటుంది, వాళ్ల పేరు అందరి ముందూ చెబుతుంది.

ముందు కృష్ణన్ వెళ్లొచ్చాడు. తర్వాత గుడిసెలవాళ్లంతా వెళ్లొచ్చారు. కాళియమ్మ వంగి ఒక్కో అడుగూ చూసి తల ఆడించింది.

తర్వాత బృందం వంతు. తన వంతు రాగానే విజి వీడియో ఆపేసింది. చైను పోయింది తనదే అయినా భువనేశ్వరి కూడా ఒకసారి లోపలికి వెళ్లొచ్చింది. రిటైరైన టీచరు సీతాదేవి గడపలో కాసేపు నిలబడి, ఆపైన వెళ్లింది. భర్త పోయాక ఆమె ఇల్లు కదలడం ఇదే మొదలు. నలుగురిలో తిరిగితే మనసు కుదుటపడుతుందని కూతురు బలవంతంగా పంపింది. ఆమె వచ్చేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

చివరగా వెళ్లినది ఆనంద్‌రాజ్. అందరికంటే ఎక్కువసేపు ఉన్నదీ అతనే.

కృష్ణన్ గంపను బయటికి తెచ్చాడు. తల్లి ఒంటి చేత్తో లోపల పెట్టినదాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు.

అందులో చైను లేదు. రెండు చీరలు, మూడు టార్చిలైట్లు, రెండు పాలపొడి డబ్బాలు, ఎవరో వాడిన పాత తెల్ల తువాలు ఒకటి ఉన్నాయి. అన్నిటికీ పైన, మడత నలగని దుప్పటి.

గుడిసెలవాళ్లు గంప చుట్టూ మూగారు. బృందంలో ఒకరు సముద్రం వైపు చూశారు, ఇంకొకరు చెప్పులు వెతుక్కున్నారు.

అప్పుడే భువనేశ్వరికి ఆమె భర్త చంద్రు ఫోను చేశాడు. చైను ఇంట్లో స్నానాలగదిలో కొళాయికి వేలాడుతోందట. శనివారం తలంటుకునేటప్పుడు తీసి అక్కడే మరిచిపోయినట్టుంది. ఈ మాటలు ఆమె చాలా మెల్లగా అప్పజెప్పింది. మెరుపును వర్ణించిన ఆమె అప్పటికే వెళ్లి వ్యానులో కూర్చుంది.

ఎండ వాలేదాకా ఆగలేదు. మూటలన్నీ విప్పి, సరిచేసి, ఫొటోలు లేకుండా పంచేశారు. ఇక పోలీసుల మాట రాదని తేలాక కృష్ణన్ వలతో ఉప్పుటేటిలోకి దిగాడు.

వ్యాను ఎక్కబోతూ సీతాదేవి వెనక్కి వచ్చింది.

"కాళియమ్మా, ఆ తువాలు పోయిన మా ఆయనదని నీకు అడుగులోనే తెలిసిపోయిందా?"

"యాడ తెలుసు టీచరమ్మా. ఆ యిద్య మా తాతతోనే పాయ."

"మరి చైను సంగతి? నిన్ను నమ్మి ఇంతమందీ లోపలికి వెళ్లారే."

కాళియమ్మ రొయ్యల బుట్టను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఆ యక్క వ్యాను దిగినప్పుడే మెడ బోసిగా ఉండె, నేను చెప్తే ఎవురు నమ్ముతారు? నేను అడుగులు చూసింది చైనుకు కాదు టీచరమ్మా, రేకుల సందులోంచి చూస్తే నిన్న మాపటికల్లా సన్నబడిపోయిన మా మూటలకు."