ఊడిన రెక్క

పక్క బల్ల దగ్గరుండే మెట్టె అనే అమ్మాయి, బొమ్మ ఇటుకలతో ఆస్గెర్ కట్టిన అంతరిక్ష నౌకను ఎత్తి గాలిలో రివ్వున తిప్పింది. చేత్తో అలా ఊపితే విడిపోయేది నౌకే కాదని ఈ ఇటుకబొమ్మలు కట్టేవాళ్ళ పట్టుదల. ఎడమ రెక్క ఊడి, ఓడెన్సె ఊరి ప్రదర్శనశాలంతా ఇటుకలు చెల్లాచెదురయ్యాయి.

"అయ్యో, నా చెయ్యి పడిపోను!"

"తొందరేం లేదులే, నిదానంగా ఏరు," అంటూ ఆస్గెర్ పక్కనే చతికిలబడ్డాడు.

అతుకు చూసి మెట్టెకు ఒళ్ళు మండింది. "రెక్కను ఒక్క ఇటుకతో ఆపావా? మూడుండాలని మా బుర్రలు తిన్నది నువ్వేగా ముసలోడా!"

"పోయినేడు మూడే పెట్టాను. ఊడలేదు. చూడొచ్చినవాళ్ళు భలే ఉందన్నారు, ఫొటో తీసుకున్నారు, పోయారు. మెప్పెవడికి కావాలి? సాయంత్రం దాకా నాతో కూర్చున్నవాడు లేడు."

మెట్టె ఏరినవన్నీ బల్లమీద పోసి, ఆస్గెర్ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, కుడి రెక్క కూడా పీకేసింది.